బొటనవేలి పట్టుపోగు

వనపర్తిలో బస్టాండుకు కొంచెం అవతల ఉన్న ఒక డాక్టరు దగ్గరికి మా బిడ్డ నన్ను తీసుకుపోయింది. నాకు షుగరు ఉందని తెలిసి అప్పటికి కొన్నేండ్లయింది. డాక్టరు చిన్నవాడే, మర్యాద ఉన్నవాడు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పెన్నులాంటి దాని కొసకు నిలబడి ఉన్న సన్నటి నైలాను దారం చూపించాడు.

"కండ్లు మూసుకోండమ్మా. ఈ దారం మీ కాలికి తాకినప్పుడల్లా తెలుస్తుంది అనండి. అంతే."

మూసుకున్నాను. ఒక్క క్షణం ఆగి ఒక కన్ను తెరిచాను.

"ఏమమ్మా, నా మీద అనుమానమా?" అని నవ్వాడు.

"నీ మీద కాదు నాయనా" అన్నాను. మరి ఎవరి మీదో ఆ బల్ల మీద పడుకొని చెప్పే సంగతి కాదు. అందుకే ఇంటికి వచ్చి రాస్తున్నాను.

గద్వాలలో మా వీధి చివర ఒక పెద్దాయన చీరలు నేసేవాడు. ఆయన పేరు రాయను. రాస్తే, "నా పేరుతోని నీకేం పని?" అని అడిగే మనిషి. చుట్టరికం లేకపోయినా పెద్దయ్య అని పిలిచేదాన్ని. తొమ్మిదేండ్లు ఆయన మగ్గం పక్కన కూర్చున్నాను. మా దిక్కు చీరకు ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. పోగును అడ్డంగా అటూ ఇటూ మోసే నాడె ఒంటికి ఒకటి, అంచుకు వేరే ఒకటి. నేసేవాడు నడుమ కూర్చుంటే, అంచు నాడె అందుకొని తిరిగి ఇచ్చే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఆ పక్క మనిషిని నేను.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన పొద్దున పూజ అయినాక, ఇంట్లోనే ఇసుక పరిచి అక్షరాలు దిద్దించాడు. దేవుడు, అక్షరం నాకు ఒకే చోట, ఒకే చేతి నుంచి దొరికాయి. అందుకని నాడె అందిస్తూ కూడా నోట్లో ఏదో ఒక నామం అనుకుంటూ ఉండేదాన్ని. పెద్దయ్యకు అది నచ్చేది కాదు.

"ఏంది బిడ్డా, నన్ను తిడుతున్నవా లోపల?"

"దేవుని పేరు తలుచుకుంటున్న పెద్దయ్యా."

"అయితే బయటికే అను. లోపల అనుకునేటోల్లను నేను నమ్మ."

ఆయన నమ్మనివాళ్ళ జాబితా పెద్దది. నీళ్ళు ఇస్తే గ్లాసు ఎత్తి వెలుతురుకు చూసి, కొన్ని నేల మీద పోసి, ఆ తడి ఎట్లా పారుతుందో చూసి, అప్పుడు తాగేవాడు. పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారి పంపిన ప్రతి పట్టుపోగుల లడీ నుంచి ఒక పోగు తెంపి అగ్గిపుల్లతో కాల్చేవాడు. వెంట్రుక కాలిన వాసన వస్తేనే అది పట్టు. ఇరవై ఏండ్లుగా అదే సావుకారి, అదే పట్టు. "నిన్న మంచిగుంటే ఇయ్యాల మంచిగుండాలని ఏమన్న ఉన్నదా?" అనేవాడు. అడిగిన మాటనే పొద్దున ఒకసారి, పగటి అన్నం వేళ ఒకసారి అడిగి, రెండు జవాబులు పక్కపక్కన పెట్టి చూసేవాడు. మొదటి ఏడాది అంతా, నేను సావుకారి పంపిన మనిషినేమోనని ఆయనకు గుబులు. ఈ సంగతి ఆయన భార్య, నేను పెద్దమ్మ అని పిలిచే ఆమె, తర్వాత నవ్వుకుంటూ చెప్పింది. "నువ్వు మూత్రానికి పోతే కూడా, సావుకారింటికి పోతుందేమో చూడుమని నన్ను తోలెటోడు."

షుగరు ఆయనకు అప్పటికే ఉంది. దవాఖానలో ఇచ్చిన గోలీలను మధ్యకు విరిచి నాలుక కొసకు ఆనించి చూసేవాడు. "తెల్లగుంటే సున్నమే" అని తీర్పు చెప్పేవాడు. బల్మూరు దిక్కు నుంచి ఒకాయన ఆకుమందు తెస్తే, ముందు ఆయన చేత ఒక చెంచాడు తాగించాడు. ఆ ఆకుమందాయన మొహం చేదుకు ముడుచుకుపోతే, "చూసినవా, ఇచ్చేటోడే మింగలేకపోతుండు" అని పంపేశాడు.

గోలీలను మాత్రం పారేసేవాడు కాదు. పాత నాడె ఒకదానిలో, దారం చుట్టిన కండె పెట్టే గాడిలో వరసగా పేర్చి దాచేవాడు. ఎందుకని అడిగితే, "ఎవలన్న లెక్క అడిగితే చూపియ్యాలె గద" అన్నాడు. మింగనివి చూపించి ఏం నిరూపిస్తాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మాది గుంత మగ్గం. నేసేవాడు గుంత అంచున కూర్చొని కాళ్ళు లోపలికి దించి, కింద ఉన్న తొక్కుడు పలకలను తొక్కాలి. నడుము పైన ఉన్నదంతా లోకానికి కనపడుతుంది. కాళ్ళ సంగతి ఆయనకు, ఆ గుంతకు మాత్రమే తెలుసు. తొమ్మిదేండ్లు పక్కన కూర్చుని కూడా పెద్దయ్య పాదాలు ఎట్లా ఉంటాయో నేను సరిగ్గా చూసింది లేదు. కానీ వాటి చప్పుడు నాకు బాగా తెలుసు. కుడి పలక కొంచెం లావుగా, ఎడమ పలక సన్నగా పలికేవి.

ఆ చప్పుడు ఒక ఎండాకాలంలో తప్పింది. కుడి, ఎడమ, మళ్ళీ కుడి, తర్వాత ఏమీ లేదు. చీకటి గదిలో చెప్పు కోసం వెతికే మనిషిలాగా ఆయన కాలు లోపల వెతుకుతూ ఉండేది. పోగులు తప్పేవి. ఆయన నా దిక్కు చూసి, "నువ్వే నాడె ఆలస్యంగ ఇస్తున్నవ్" అనేవాడు. తాగుతున్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది. నాడె ఇచ్చేటప్పుడు ఒకటి రెండుసార్లు వంగి ఊపిరి వాసన చూశాను కూడా. వాసన లేదు. చెంపలు వేసుకున్నాను.

ఆ దినాల్లోనే మా వీధి హాలులో షుగరు పరీక్షల క్యాంపు పెట్టారు. పెద్దమ్మ పోరు పడలేక వచ్చాడు. ఒక నర్సు పిల్ల, అచ్చం ఈ వనపర్తి డాక్టరులాగానే, కండ్లు మూసుకోమని దారంతో కాళ్ళను తాకుతూ అడిగింది. పక్క కుర్చీలో నేను ఉన్నాను.

"తెలుస్తుందా తాతా?"

"తెలుస్తది."

"ఇక్కడ?"

"తెలుస్తది. ఇంకేడ తాకుతవో తాకు."

జవాబులు చురుగ్గా ఉన్నాయి. నాకు మాత్రం ఒకటి తేడాగా తోచింది. ఆయన కండ్లు పూర్తిగా మూసుకోలేదు. రెప్పల సందు నుంచి ఆ పిల్ల భుజాన్ని చూస్తున్నాడు. భుజం కదిలినప్పుడల్లా తెలుస్తది అంటున్నాడు. ఒకసారైతే దారం తాకకముందే అన్నాడు. నర్సు కాగితం మీద బాగుంది అని రాసుకుంది. పెద్దయ్య ఆ కాగితం తీసుకొని, "పాసైన" అని నాకు చూపించాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఎప్పుడూ ఎవరినీ నమ్మని మనిషి కదా, నర్సును కనిపెట్టి చూస్తున్నాడనుకున్నాను.

వానలు వెనకబట్టినాక ఒక దినం పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. కత్తిపీట పక్కన కూర్చుని, దొండకాయలు కోస్తూ, నా మొహం చూడకుండా అడిగింది.

"మా ఆయన కాలికి దారం నువ్వు కట్టినవా?"

"ఏం దారం పెద్దమ్మా?"

"బొటనవేలికి. పసుపు దారం. నువ్వు పూజలు జేసే మనిషివి గద, ఏమన్న మొక్కు గిట్ల కట్టినవేమో అని. నాకు జెప్పకుండ నా మొగనికి దారాలు కట్టుడేంది?"

"అయ్యో, నేను కట్టలే. ఆయనే కట్టుకున్నడేమో."

"ఆయననా? దేవుని ఊరేగింపు ఎదురొస్తే గల్లీ మార్చి పోయే మనిషి. అయితే ఎవలో చేతబడి చేసిండ్రు" అని దొండకాయ ముక్కలు గిన్నెలోకి విసిరింది.

అప్పటినుంచి పెద్దయ్యను చూసే తీరు మా ఇద్దరికీ మారింది. పెద్దమ్మ గడప కింద, దిండు కింద నిమ్మకాయల కోసం వెతికేది. నేను మాత్రం వేరే అర్థం చెప్పుకున్నాను. తొమ్మిదేండ్లు నేను అనుకున్న నామాలు ఆ చెవిలో పడి, లోపల ఏదో కదిలి, ఎవరికీ చెప్పకుండా ఆయన మొక్కుకున్నాడని. మొక్కు సంగతి బయట అడగకూడదని మా నాయన నేర్పాడు. అందుకని అడగలేదు. ఇంకొన్ని దినాలకు మగ్గం పక్కన ఊదుబత్తీలు వెలిగించడం మొదలుపెట్టాడు. పొద్దున రెండు, పగటికి రెండు, మాపటికి మళ్ళీ రెండు. నేను ఇంటికి పోయి దీపం ముందు కూర్చుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు వేస్తుంది.

సిగ్గు ఎందుకంటే, నాకు అనుమానం రావలసిన గుర్తులన్నీ కండ్ల ముందే ఉన్నాయి. నేను రాకముందే ఆయన గుంతలో దిగి ఉండేవాడు, నేను పోయినాకే పైకి వచ్చేవాడు. అంతకుముందు అన్నానికి లేచే మనిషి, గుంత దగ్గరికే పళ్ళెం తెమ్మనేవాడు. ఊదుబత్తి పొగ మధ్యలో కూడా ఈగలు గుంత వదిలేవి కావు. దేవుడి దగ్గర పెట్టే ఊదుబత్తి దేవుడి దిక్కు ఉంటుంది. ఆయన ఊదుబత్తులన్నీ గుంత దిక్కు తిరిగి ఉండేవి.

ఒక పొద్దున నా చేతిలోంచి అంచు కండె జారి గుంతలో పడింది. అందుకోవడానికి వంగాను.

"వొద్దు. నేను తీస్త" అన్నాడు. గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. అప్పటికే నా తల లోపల ఉంది.

మొక్కు లేదు, చేతబడి లేదు. కాలు ఎక్కడ ఉందో తెలియక పలక మీదినుంచి జారిపోతుంటే, పట్టు పోగులు నాలుగు పేనుకొని బొటనవేలికి ఉచ్చు వేసి, రెండో కొసను పలకకున్న మేకుకు తగిలించాడు. అట్లా అయితే కాలు పలకను వదలదు. పట్టుపోగు ఎంత గట్టిదో నేసేవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర లేదు. తొక్కినప్పుడల్లా అది బిగిసి, చర్మం తెగి, లోపలికి దిగింది. షుగరుకు కాలు మొద్దుబారి ఆయనకు తెలియలేదు. తెలిసినాక పైన పసుపు అద్దాడు. దారం పచ్చబడింది. వేలు నల్లబడింది. పక్క వేలు కూడా.

కండె అక్కడే వదిలేసి తల పైకి ఎత్తాను.

"నొస్తలేదా పెద్దయ్యా?"

"నొస్తే నీకు గనపడేదాక ఉంటనా? ఏం తెలుస్తలే."

"దవాఖానకు పోదాం."

"పోత. ఈ చీర దించినంక పోత. మంగళారం సావుకారి వస్తడు. ఈ కాలు సంగతి ఆయనకు తెలిస్తే పట్టు ఇయ్యడు. పట్టు లేకుంటే ఈ గుంత ఉండి ఏం లాభం? గుంతల కూసున్నోన్ని బయట కూసుండబెడితే నేను ఏం మనిషిని బిడ్డా?"

అని, నా మణికట్టు పట్టుకున్నాడు. పక్కన కూర్చున్న తొమ్మిదేండ్లలో నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఎవలకు జెప్పనని ఒట్టెయ్యి. నీ దేవుని మీద ఎయ్యి. నాకు దేవుడు లేడు గద, నీకున్నోని మీదనే ఎయ్యి."

వేశాను. ఆయనకు నా దేవుడి మీద నమ్మకం లేదు, కానీ ఆ దేవుడి మీద నాకున్న నమ్మకం మీద పూర్తిగా నమ్మకం ఉంది. ఆయన ఈ లోకంలో నమ్మింది బహుశా అదొక్కటే.

రెండు దినాలు మోశాను. అన్నం ముందు కూర్చుంటే ఆ వేలు కనపడేది. దీపం పెడితే ఊదుబత్తి వెలిగించలేకపోయాను. ఒట్టు తప్పితే దోషం. చెప్పకపోతే కాలు పోతుంది, కాలుతోపాటు మనిషి. మూడో దినం పొద్దున పూజ చేయకుండానే పోయి పెద్దమ్మకు చెప్పేశాను. ఆమె నమ్మలేదు. మగ్గం గదిలోకి పోయి, పెద్దయ్య రెండు భుజాలూ పట్టుకొని గుంతలోంచి ఎత్తింది. ఆ బక్క మనిషికి అంత బలం ఎక్కడిదో. ఆ కాలు వెలుతురులోకి వచ్చింది.

పెద్దయ్య ఆమెను చూడలేదు, కాలును చూడలేదు. వాకిట్లో నిలబడ్డ నన్ను చూశాడు.

"నువ్వు సావుకారి మనిషివే. మొదటి ఏడు నేను అనుకున్నది నిజమే" అన్నాడు.

కర్నూలుకు తీసుకుపోయారు. రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో వారం ఆగి ఉంటే మోకాలి దాకా పోయేదని అక్కడ చెప్పారట. కాలు మిగిలింది. మగ్గం మిగలలేదు. సావుకారి వచ్చి చూసి, మంచిమాటలు మాట్లాడి, మిగిలిన పట్టు తీసుకుపోయాడు. సగం నేసిన చీరను వేరే ఎవరో పూర్తి చేశారు. ఆ వేరేవారి పక్కన నాడె అందించమని నన్నే పిలిచారు. పోయాను. ఇల్లు నడవాలి కదా. నా చేతులమీదుగానే ఆ చీర దిగింది.

ఏడు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. నేను వాకిట్లోంచి పోతుంటే అరుగు మీద కూర్చుని కండెలు చుట్టుకుంటూ మొహం గోడ దిక్కు తిప్పుకునేవాడు. పెద్దమ్మ మాత్రం, "ఏం జెప్తవ్ బిడ్డా, గోలీలు మింగుతుండు ఇప్పుడు. విరిచి నాలిక మీద పెట్టుడైతే పోలే" అని చెప్పేది. ఒట్టు తప్పినందుకు ప్రతి మాపటా దీపం ముందు క్షమించమని అడిగేదాన్ని. ఆయన్ను అడిగే ధైర్యం లేక దేవుణ్ణి అడిగేదాన్ని.

ఒక పగటిపూట కట్టె పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. నేను నీళ్ళు ఇచ్చాను. వెలుతురుకు చూసి, నేల మీద కొన్ని పోసి, తాగాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

"నువ్వు నీళ్ళు శాన తాగుతున్నవంట. మా ముసల్ది జెప్పింది" అన్నాడు.

"ఎండలు గదా పెద్దయ్యా."

"ఎండలు పోయి నెల అయింది. కాళ్ళు చాపి కండ్లు మూస్కో."

"ఎందుకు?"

"మూస్కోమన్న గద."

రొంటి నుంచి ఒక పట్టుపోగు తీశాడు. నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. "పెద్దోనివి, నా కాళ్ళు ముట్టుడేంది? నాకు పాపం."

"నేను ముడతలే. పోగు ముడతది. నీ పూజలు జర పక్కకు పెట్టి, తాకినప్పుడు తెలుస్తదో లేదో చెప్పు."

కండ్లు మూసుకున్నాను. ఆయన వచ్చాడు, మాట్లాడాడు, ఆ సంతోషంలో ఉన్నాను. ఆయన్ను తొందరగా ఒప్పించి నాలుగు మాటలు మాట్లాడుకోవాలని ఉంది.

"ఈడ?"

"తెలుస్తుంది."

"ఈడ?"

"తెలుస్తుంది పెద్దయ్యా."

"కండ్లు తెరువు."

తెరిచాను. పోగు ఆయన చెవి మీద వేలాడుతూ ఉంది. చేతులు రెండూ కట్టె మీద ఉన్నాయి.

"నేను తాకనే లే. ఎందుకు జెప్పినవ్ అబద్ధం?"

నీ మనసు నొప్పియ్యొద్దని అంటూ ఏదో గొణిగాను.

"క్యాంపుల నేను గిట్లనే జెప్పిన. ఆ పిల్ల భుజం చూసుకుంట జెప్పిన. నీకు తెలుసు. నువ్వు నన్ను చూస్తుంటివి, నాకు తెలుసు. ఆ దినం ఆ పిల్ల నా లెక్క అనుమానం మనిషైతే బాగుండు. ఒక్కసారి తాకకుండ అడిగితే దొరికిపోదును." పోగును చెవి మీదినుంచి తీసి అన్నాడు. "దేవుని పేరు తలిచేదానివి, నీకే గింత సులువుగ వచ్చింది అబద్ధం. ఇగ నాసుంటోనికి రాదా? తెలుస్తలేదు అనుడు శాన కష్టం బిడ్డా. దానికి ధైర్నం గావాలె."

తర్వాత మళ్ళీ మొదటి నుంచి చేయించాడు. ఒకసారి తాకేవాడు, ఒకసారి తాకేవాడు కాదు. ఆయన పోరుకే రక్తం చూపించుకున్నాను, నాకూ షుగరు ఉందని తేలింది. అప్పటినుంచి నెలకు ఒకసారి వచ్చేవాడు. ఒట్టు మాట ఎప్పుడూ ఎత్తలేదు. క్షమించినట్టు చెప్పలేదు, మర్చిపోయినట్టూ కనపడలేదు. పోయేముందు మాత్రం, "దొంగ జవాబులు ఇయ్యకు" అని కట్టెతో నేల మీద ఒకటి కొట్టి పోయేవాడు. పోయిన ఏడాది పోయాడు, ఆ కాలుతో కాదు, గుండెతో. కండెలు చుట్టుకుంటూ ఒరిగాడట. నేను అప్పుడు వనపర్తిలో బిడ్డ ఇంట్లో ఉన్నాను.

"మళ్ళీ మొదలుపెడదామా అమ్మా?" అని డాక్టరు అడిగాడు.

ఈసారి కండ్లు గట్టిగా మూసుకున్నాను. మడమ దగ్గర తెలిసింది. అరికాలి నడుమ తెలిసింది. కుడి కాలి వేళ్ళు తెలిశాయి.

"ఇక్కడ?"

బల్ల పక్కన మా బిడ్డ నిలబడి ఉంది. దానికి ఇద్దరు పిల్లలు, వంద పనులు. తెలుస్తుంది అంటే ఇంటికి పోతాం. ఆ మాట నాలుక కొస దాకా వచ్చి కూర్చుంది. డాక్టరు తాకకుండానే అడుగుతున్నాడేమోనని కూడా అనిపించింది. ఆ అనుమానంలోనే ఉండిపోవాలనిపించింది.

"ఇక్కడ తెలుస్తుందా అమ్మా?"

"తెలుస్తలే నాయనా" అన్నాను.

కండ్లు తెరిచాను. దారం నా ఎడమ కాలి బొటనవేలి మీద ఆని, వంగి ఉంది.

బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. డాక్టరు ఇంకో రెండు చోట్ల చూసి, ఏదో రాసుకుంటూ, "నిజం చెప్పి మంచిపని చేశారమ్మా. ఇప్పుడే తెలిసింది కాబట్టి జాగ్రత్తపడొచ్చు. రోజూ కాళ్ళు చూసుకోవాలి, ఉత్త కాళ్ళతో నడవొద్దు. చానా మంది తెలుస్తుందనే చెప్తారు" అన్నాడు.

"తెలుసు నాయనా" అన్నాను.

ఆ మాపటికి దీపం పెట్టి కూర్చున్నాను. ముందు రెండు కాళ్ళూ వెలుతురుకు చాపి, వేలు వేలు విడదీసి చూసుకున్నాను. తర్వాత చేతులు జోడించాను. ఒట్టు తప్పినందుకు క్షమించమని ఇన్నేండ్లుగా ఒక్క మాపు కూడా మానకుండా అడుగుతూ వచ్చాను. ఆ మాపు అడగలేదు.